అక్షరం బడిలో.. మాట ఆ ఇంట్లో!

అరబిక్ డిగ్రీ ఉన్నా ఫోన్లో అవతలి మాట అర్థంకాక ఉద్యోగం చేజారుతోందా? అరబ్ దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ చదువుకునే ‘హోస్ట్ ఫ్యామిలీ’ పద్ధతి ఆ లోటు తీర్చగలదు. అయితే ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి, ఏం చూసుకోవాలి అన్నది ముందే తెలియాలి.

హైదరాబాద్ మెట్రో నీలం లైన్‌లో తార్నాక దగ్గర దిగితే ఒకపక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరోపక్క ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ). రెండింటిలోనూ అరబిక్ చదవొచ్చు. అదే రైల్లో చివరి స్టేషన్ రాయదుర్గం. గల్ఫ్ కస్టమర్లతో మాట్లాడేందుకు, యాప్‌లను అరబిక్‌లోకి మార్చేందుకు, ఆ భాషలో వచ్చే పోస్టులను పరిశీలించేందుకు మనుషులు కావాలంటూ ఐటీ కారిడార్ నుంచి ప్రకటనలు వస్తుంటాయి. ఆ స్టేషన్ నుంచి ఈ స్టేషన్‌కు గంట కూడా పట్టదు. కానీ డిగ్రీ నుంచి ఉద్యోగానికి మధ్య దూరం అంత తేలిగ్గా తరగదు. దానికి కారణం ఆ భాష స్వభావంలోనే ఉంది.

ఒక్క పేరు.. రెండు భాషలు

అరబ్ లీగ్‌లో 22 సభ్యదేశాలున్నాయి. పుస్తకాలు, వార్తలు, ఒప్పంద పత్రాలు అన్నిచోట్లా దాదాపు ఒకటే అరబిక్‌లో ఉంటాయి. దాన్ని ‘ఫుస్‌హా’ అంటారు. ఇంట్లో, బజారులో మాట్లాడేది మాత్రం ‘ఆమ్మియ్య’. అది దేశానికొక తీరు. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడక ముందు మన చదువులు గ్రాంథికంలో, మాటలు వ్యావహారికంలో నడిచాయి కదా! అరబిక్‌లో ఆ తేడా ఇప్పటికీ ఉంది.

ఒక్క మాట చూడండి. పాఠ్యపుస్తకంలో ‘ఇప్పుడు’ అంటే ‘అల్ ఆన్’. జోర్డాన్ ఇంట్లో అదే ‘హల్లా’. మొరాకోలో ‘దాబా’. గల్ఫ్‌లో ‘అల్‌హీన్’. ఫోన్ చేసిన కస్టమర్ వీటిలో తన మాటే వాడతాడు. ఈమెయిల్‌కు జవాబు మాత్రం మీరు ఫుస్‌హాలో రాయాలి. అంటే ఉద్యోగానికి రెండూ కావాలి.

మన ఊళ్లకు కొత్తేం కాదు

అరబ్బుల ఇంట్లో ఉండి వాళ్ల భాష నేర్చుకోవడం తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కడప, రాయచోటి, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన మహిళలు ఎందరో వంటింట్లో, పిల్లల్ని ఆడిస్తూ అక్కడి మాట పట్టేశారు. ఏ క్లాసుకూ వెళ్లకుండా నేర్చిన భాష అది. అయితే వాళ్లు వెళ్లింది పనికి. చదవడం, రాయడం నేర్చుకునే వీలు చాలామందికి దొరకలేదు. డిగ్రీ విద్యార్థుల పరిస్థితి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అక్షరం వచ్చు, మాట రాదు. మీ బంధువుల్లో కువైట్‌లోనో సౌదీలోనో ఉండి వచ్చిన పెద్దమ్మో, మేనమామో ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. రూపాయి ఖర్చు లేని స్పోకెన్ క్లాసు అది.

ఎక్కడికి వెళ్లాలి?

2011లో యుద్ధం మొదలయ్యే వరకు అరబిక్ నేర్చుకునే విదేశీయులకు సిరియా రాజధాని డమాస్కస్ పెద్ద గమ్యం. తర్వాత చాలామంది జోర్డాన్ రాజధాని అమ్మాన్, మొరాకో రాజధాని రబాత్ వైపు మళ్లారు. అమ్మాన్‌లోని ఖాసిద్, రబాత్‌లోని ఖలమ్ వ లౌహ్ విదేశీయులకు అరబిక్ నేర్పే పేరున్న సంస్థలు. ఈ నగరాల్లో కుటుంబ వసతి దొరుకుతుంది. గల్ఫ్‌లో సాధారణంగా హాస్టలే గతి. ఖతార్ విశ్వవిద్యాలయంలో అరబేతరులకు ప్రత్యేక కోర్సు ఉంది. ఒమన్‌లోని మనాలో సుల్తాన్ ఖాబూస్ పేరిట ఇందుకోసమే ఒక కాలేజీ ఉంది.

దేశాన్ని ఫీజు చూసి కాదు, మీకు కావాల్సిన ఉద్యోగం చూసి ఎంచుకోండి. మొరాకో యాస తూర్పు అరబ్బులకే ఓ పట్టాన అర్థం కాదు. సౌదీ, యూఏఈ కస్టమర్లతో పని చేయాలనుకుంటే ఒమన్, జోర్డాన్ నయం. ఫ్రెంచ్ కూడా వచ్చినవారికి మొరాకో బాగా కలిసొస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి?

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు అరబిక్ నేర్పడానికి సుమారు 2,200 తరగతి గంటలు పడతాయని లెక్కగట్టింది. మీరు వారానికి 20 గంటల చొప్పున 12 వారాల కోర్సుకు వెళ్తే వచ్చేవి 240 గంటలే. అందుకే అక్షరాలు దిద్దుకోవడానికి అంత దూరం వెళ్లొద్దు. 28 అక్షరాలు, క్రియారూపాలు, అచ్చు గుర్తులు లేని వాక్యం చదవడం ఇక్కడే నేర్చుకోండి. రాయదుర్గానికి దగ్గర్లోనే, గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబిక్ విభాగం ఉంది. టోలిచౌకి వైపు అరబ్ దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు కనిపిస్తారు. వాళ్లకు ఇంగ్లిష్ కావాలి, మీకు అరబిక్ కావాలి. అరగంట అది, అరగంట ఇది అని మాట్లాడుకోవచ్చు.

తెలుగువారికి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. హక్కు, అసలు, వసూలు, జవాబు, తారీఖు, వకీలు, ఖాళీ, హాజరు.. ఇవన్నీ అరబిక్ మూలం నుంచి మన దాకా వచ్చిన మాటలే.

ఆ ఇంట్లో ఎలా ఉంటుంది?

ఒక గది, ఉదయం టిఫిన్, రాత్రి భోజనం.. ఎక్కువగా ఇదీ ఏర్పాటు. పొద్దున బడి, సాయంత్రం ఇల్లు. ఇంటావిడను ‘ఖాల్తీ’ అంటే మన పిన్ని అన్నట్టు. జోర్డాన్‌లో పెద్దాయన్ని ‘అమ్మో’ అంటే బాబాయ్ అన్నట్టు. పని చేస్తున్నవారిని చూసి ‘యాతీక్ అల్ ఆఫియె’ అంటారు. నీకు ఓపిక, ఆరోగ్యం కలగాలి అని దాని భావం. అర్థం పుస్తకం చెబుతుంది. ఎప్పుడు, ఏ గొంతుతో అనాలో మాత్రం ఇంట్లో వింటేనే తెలుస్తుంది. మొరాకోలో శుక్రవారం కుస్‌కుస్ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. మాంసం తిననివాళ్లు ముందే ‘అనా నబాతీ’ అని, అమ్మాయిలైతే ‘అనా నబాతియ్య’ అని చెప్పేయాలి. రంజాన్ నెలలో పగలు బయట తినకపోవడం మర్యాద.

పెళ్లెప్పుడు, నాన్న ఏం చేస్తారు, మీ మతం ఏంటి అని అడుగుతారు. మన ఊళ్లోనూ అడుగుతారుగా! విసుక్కోకుండా జవాబు చెప్పడమే మంచి సాధన. అసలు చిక్కు ఇంగ్లిష్‌తో వస్తుంది. ఇంట్లో పిల్లలు మీతో ఇంగ్లిష్ మాట్లాడాలని చూస్తారు. రోజూ ఒక అరగంట వాళ్లకిచ్చి, మిగతా సమయమంతా అరబిక్ అని మొదటి రోజే చెప్పుకోండి. గది తలుపేసుకుని రీల్స్ చూస్తూ కూర్చుంటే హాస్టల్‌కూ దీనికీ తేడా ఉండదు.

సరే అనేముందు..

•⁠ హోస్ట్ ఫ్యామిలీకి డబ్బు మీరు ఇస్తారు, బడి ద్వారా. ‘ఇంటిపని చేస్తే వసతి ఉచితం’, ‘పిల్లల్ని చూసుకుంటూ చదువుకోవచ్చు’ అని ఏజెంటు చెబితే అది చదువు కాదు, ఉద్యోగం. ఆ దారిలో వెళ్లొద్దు.

•⁠ వీసా ఏ రకమో, బడి ఇచ్చే ప్రవేశపత్రం ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి. విజిట్ వీసాపై పంపి అక్కడ మారుస్తామంటే నమ్మొద్దు.

•⁠ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, గదికి తాళం ఉందా, రాత్రి ఎన్నింటికి రావాలి, కుదరకపోతే ఇల్లు మారుస్తారా.. ఇవి ముందే అడగండి. అమ్మాయిలు ఇవి తేలకుండా డబ్బు కట్టొద్దు.

•⁠ చదువు సర్టిఫికెట్ల విషయంలో ఒమన్, బహ్రెయిన్, మొరాకో, ట్యునీషియా, సౌదీ అరేబియాలకు అపోస్టిల్ సరిపోతుంది. అవి హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. ఖతార్, ఈజిప్టు లాంటి దేశాలకు ఎంబసీ అటెస్టేషన్ కావాలి. దీనికి సమయం పడుతుంది.

•⁠ విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. భారత ఎంబసీ నంబరు ఇంట్లోవాళ్ల దగ్గరా ఉంచండి.

తిరిగొచ్చాక..

రెజ్యూమెలో ‘అరబిక్ వచ్చు’ అని రాస్తే సరిపోదు. ఫుస్‌హాలో మీ స్థాయి బీ1నా, బీ2నా, ఏ యాస వచ్చు, అరబిక్ కీబోర్డుపై టైప్ చేయగలరా అన్నవి విడివిడిగా రాయండి. బీటెక్ విద్యార్థులకు ఇక్కడ అదనపు అవకాశం ఉంది. అరబిక్‌లోకి మారితే యాప్ స్క్రీన్ మొత్తం కుడి నుంచి ఎడమకు తిరగాలి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే ఉండాలి. ఇందులో తప్పులు పట్టాలంటే కోడూ తెలియాలి, భాషా తెలియాలి. నగరంలోని పెద్ద ఆసుపత్రులకు వచ్చే అరబ్ రోగులకు దుబాసీలు కావాలి. అక్కడ రోగి తన నొప్పిని చెప్పుకునేది ఇంటి మాటలోనే. అది అర్థమైనవారికే ఆ పని దక్కుతుంది.