రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి గృహము

గోదావరి జిల్లాల పంచాయతీ సభ్యులు కోర్టు పనులకో, ఆసుపత్రికో, పెండ్లి బట్టలకో రాజమహేంద్రవరము వచ్చుచునేయుందురు. పని ముగిసిన పిదప కొందరు కోటిలింగాల రేవునకు పోవుదురు, కొందరు ధవళేశ్వరపు ఆనకట్టను చూచి వత్తురు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ఇల్లు ఈ పట్టణముననే కలదని ఎరిగినను, లోపలికి పోయి చూచినవారు తక్కువ. రాష్ట్ర పురావస్తు శాఖవారి సంరక్షణలో నున్న ఆ ఇంటిని చూచుటకు ఒక పూట చాలును.

అది దొరల బంగళా కాదు, జమీందారుల కోటయు కాదు. ఇంగ్లీషు ప్రభుత్వపు కాలమున ఒక ఉపాధ్యాయుడు కాపురమున్న ఇల్లు. పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల వయస్సుననే తండ్రి పోగా పెదతండ్రిగారు పెంచిరి. పెద్దవారైన పిదప కొంతకాలము ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులుగా నుండి, 1874లో అచ్చట బాలికలకు పాఠశాల తెరచిరి. ‘వివేకవర్ధని’ పత్రిక పుట్టినదియు ఆ సంవత్సరమే. తరువాత రాజమహేంద్రవరపు కళాశాలలో తెలుగు పండితులైరి.

ఈ ఇంటికి ప్రసిద్ధి తెచ్చిన దినము 1881 డిసెంబరు 11. ఆ రాత్రి గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువైన గౌరమ్మగారికిని ఇచ్చట వివాహము జరిగినది. వితంతువు మరల పెండ్లాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చినది. బంగాళమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి ఫలితమది. చట్టము వచ్చి ఇరువదియైదేండ్లు గడచినను, మన ప్రాంతమున దానిని ఆచరణలో పెట్టుటకు సాహసించినవారు అరుదు. ఏలయన చట్టము కచేరీలో నుండును, వెలి వీధిలో నుండును.

ఆ వెలి ఎట్లు పనిచేసినదో పంచాయతీ సభ్యులు ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. పెండ్లికి వచ్చినవారిని కులము నుండి వెలివేయుదుమని బెదిరించిరి. వంటవారు రాలేదు. నీళ్లు మోయువారు మానివేసిరి. పురోహితుడు దొరకుటయే కష్టమైనది. అల్లరి జరుగునన్న భయముచేత పోలీసులు కావలి కాయవలసివచ్చినది, పంతులుగారి శిష్యులైన విద్యార్థులు ఇంటికి కాపుగా నిలిచిరి. వ్యయమునకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. పెండ్లికి వచ్చినవారిలో కొందరు తరువాత భయపడి ప్రాయశ్చిత్తము కూడ చేసికొనిరి. వారిని నిందించుట సులభమే. కూతురి పెండ్లి ఆగిపోవునన్న భయము, చచ్చినప్పుడు మోయువారుండరన్న భయము ఎట్టివో ఊరిలో కాపురముండు మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నీళ్లు మోయువారు మానినప్పుడు గోదావరికి పోయి బిందెతో నీరు తెచ్చినవారు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. వచ్చినవారందరికి వండిపెట్టినవారును ఆమెయే. చూడవచ్చినవారు పంతులుగారి పుస్తకములనుగూర్చి, ఉపన్యాసములనుగూర్చి చెప్పుకొందురుగాని ఈ బిందెను తలచువారు తక్కువ. మా అభిప్రాయములో ఆ పెండ్లిని నిలబెట్టినది ఉపన్యాసము కాదు, ఆ నీరు. తరువాతి కాలమున పంతులుగారు దాదాపు నలుబది వితంతు వివాహములు జరిపించిరి. ఒక్కొక్క దానికి ఇంటిలో ఎంత చాకిరి జరిగియుండునో స్త్రీ సభ్యులు తేలికగా గ్రహింపగలరు.

నేడు త్రాగునీరు పంచాయతీ బాధ్యతలలో నొకటి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో అది పేర్కొనబడినది. ఒక కుటుంబముపై పగబట్టి వారికి కుళాయి నీరు రాకుండ చేయుట, వారితో మాటలాడినవారికి జరిమానా వేయుట వంటివి ఊరిలో తలయెత్తినచో సభ్యులు ఊరకుండరాదు. షెడ్యూల్డు కులములు, తెగలవారిని సాంఘికముగా గాని ఆర్థికముగా గాని వెలివేయుట 2015 సవరణ ప్రకారము అత్యాచారముల నిరోధక చట్టము క్రింద శిక్షార్హము. ఇతరుల విషయములో కూడ, ఊరిపెద్దల తీర్మానము పేరిట జరుగు బెదిరింపును పోలీసువారి దృష్టికి తేవచ్చును.

ఇంటిని చూచునప్పుడు గోడలను కూడ గమనింపుడు. మన డెల్టా గ్రామములలోను మండువా లోగిళ్లు, పాత పాఠశాలలు, సత్రములు మిగిలియున్నవి. మరమ్మతు అనగానే సిమెంటు పూయుట వాడుకయైనది. సున్నపు గోడ పీల్చిన తేమ బయటికి పోవలెను. పైన సిమెంటు గట్టిగా పూసినచో తేమ లోపలనే నిలిచి, ఉప్పు పేరి, ఇటుక పొడియగును. గోదావరి నేలలలో తేమకు కొదువ లేదు గదా! పాత గోడకు సున్నపు పూతయే మేలు. కప్పుపై మొలచిన రావిమొక్కను చిన్నదిగా నున్నప్పుడే తీసివేయవలెను. వేరు గోడలోనికి దిగిన పిదప లాగినచో గోడయే వచ్చును. ఊరిలో చరిత్రగల కట్టడమున్నదని తోచినచో కూల్చుటకు ముందే పురావస్తు శాఖకు వ్రాయవచ్చును. అట్టివానిని రక్షిత కట్టడములుగా ప్రకటించుటకు 1960 నాటి రాష్ట్ర చట్టము వీలు కల్పించుచున్నది.

గృహము చూచిన పిదప 1890లో పంతులుగారు కట్టించిన పురమందిరమును చూడవచ్చును. అటుపిమ్మట ఆనందోద్యానమునకు పోవలెను. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను, పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసులోను మరణించిరి. ఇరువురి సమాధులును ఆ తోటలోనే కలవు. దంపతులకు సంతానము లేదు. తమ ఆస్తిని హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చిరి. పాఠశాల పిల్లలను వెంట తీసికొనిపోవువారు ముందుగా ఉపాధ్యాయునిచేత ఈ కథ చెప్పించి, బిందె సంగతి మరువవద్దని కోరుదురుగాక.