సీసా మారితే వైద్యమే మారిపోతుంది

మిరప తోటలకు మందు కొట్టే రోజుల్లో చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి విషం కేసు వస్తే మేం మొదట అడిగేది ఒక్కటే: ‘ఏ మందు?’ చాలాసార్లు వచ్చే జవాబు, ‘పురుగుమందే సార్, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టారు’.

ఆ ఒక్క మాటతో మాకు సరిపోదు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివైతే చొంగ, చెమట, ఆయాసం వస్తాయి, కంటిపాప చిన్నదవుతుంది. సకాలంలో అట్రోపిన్ ఇస్తే బతికే అవకాశం ఉంటుంది. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. అది మూత్రపిండాలను, ఊపిరితిత్తులను తినేస్తుంది. అవసరం లేకుండా ఆక్సిజన్ పెట్టినా హానే. ఏ మందో, దానికి విరుగుడేమిటో సీసా లేబుల్ మీద రాసి ఉంటుంది. సీసా మార్చామంటే ఆ సమాచారం పోయినట్టే.

1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. ఆహార పదార్థాలకు, పశువుల దాణాకు తగిలేలా మందును నిల్వ చేయకూడదు, రవాణా చేయకూడదు. దుకాణంలో వేరే గదిలోనో, తాళం వేసిన బీరువాలోనో ఉంచాలి. ఖాళీ డబ్బాలు మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పూడ్చాలి. కానీ తనిఖీలంటే మనకు వినబడేది నకిలీ మందుల గురించే. ఆటోలో బియ్యం బస్తా మీద పెట్టిన మందు పెట్టెను ఆపి చూసినవారు నాకైతే కనబడలేదు.

ఖాళీ డబ్బా ఏం చేయగలదో 2013 జులైలో బిహార్‌లో చూశాం. సారణ్ జిల్లాలోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. మన దగ్గర మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. వారి వంటావార్పూ చేను పక్కనే. తెలుగు లేబుల్ చదవలేని వారికి ఖాళీ డబ్బా నీళ్ల డబ్బాలాగే కనిపిస్తుంది. దాన్ని పడేసే బాధ్యత చేను యజమానిది.

పట్నంలో ఉన్నాం, మాకెందుకు అనుకోకండి. ఊళ్లో నాన్నగారింటి అటక మీదో, మంచం కిందో మిగిలిన మందు ఉందేమో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. ఉంటే అసలు సీసాలోనే ఉంచి, తాళం వేయించండి. తాళం పిల్లల కోసమే కాదు. చనిపోవాలన్న ఆవేశం చాలామందిలో ఎక్కువసేపు ఉండదు, తాళంచెవి వెతికేలోపే తగ్గిపోవచ్చు. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. మేడ మీద మొక్కలకైనా సరే, విడిగా పోసిచ్చే మందు కొనొద్దు. లైసెన్సున్న దుకాణంలో సీలు తీయని ప్యాకే, బిల్లుతో తీసుకోండి. లేబుల్ మీద ఎరుపు త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితం, తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ.

ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పునీళ్లు, చింతపండు పులుసు పోసి వాంతి చేయించొద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. కడిగేవారు చేతులకు గ్లౌజులు వేసుకోవాలి. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. ఆ సీసాకు మూత బిగించి, కవరులో చుట్టి వెంట తెండి.