పంపు తిప్పితే బలం రాదు

"బండి గుంజుతలేదే అన్నా."

"ఏం కాదు, పంపు జెర తిప్పుదాం."

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల షెడ్లలో కరిగెట సీజన్ ముందు ఈ మాటలు వినిపించని రోజుండదు. డీజిల్ పంపు మీది స్క్రూకు స్పానర్ వేసి అర చుట్టు తిప్పుతారు. ఎక్సలేటర్ రేజ్ చేస్తారు. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ బుస్సున లేస్తుంది. "సూడు, పికప్ ఎట్లొచ్చిందో!" బండి ఓనర్ మొహం వెలిగిపోతుంది. నల్ల పొగ కొడితేనే ఇంజన్‌లో దమ్మున్నట్టని మనవాళ్ళ నమ్మకం. పొగ రాని బండిని కొనడానికి వచ్చినవాళ్ళు అనుమానంగా చూసే స్థాయికి పోయింది ఈ పిచ్చి.

దీనికి ఎక్కువగా బలయ్యేవి సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్లే. గల్ఫ్‌లో ఏళ్ళకేళ్ళు పని చేసి కూడబెట్టిన పైసలతో పాత బండి కొని, కిరాయిలు కొట్టి కిస్తీలు కట్టుకుందామనుకున్న మనిషి, ఒకటి రెండు సీజన్లకే ఇంజన్ బోరు పనికి దాన్ని షెడ్డులో పెట్టుకుంటున్నాడు. అప్పుడు తిట్లు తినేది కంపెనీ, లేకపోతే అమ్మినవాడు. స్క్రూ తిప్పిన చెయ్యి ఎవరికీ యాదికి రాదు.

1 లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. స్క్రూ తిప్పితే పెరిగేది డీజిలే. టర్బో లేని ఇంజన్ పీల్చే గాలి మాత్రం అంతే ఉంటుంది. గాలి అందని డీజిల్ సగం కాలి, మసై పైకి పోతుంది. సైలెన్సర్ మీద మీకు కనిపించే ఆ దమ్ము బంకులో మీరు కట్టిన పైసలు.

మరి పికప్ పెరిగింది కదా అంటారు. పెరుగుతుంది, కొద్దిగా. కంపెనీ వాళ్ళు డీజిల్‌ను పొగ గీతకు కాస్త ఇవతలే ఆపి సీలు వేస్తారు కాబట్టి, ఆ మిగులును వాడుకుంటే నాలుగు రోజులు ఉషారుగా నడుస్తుంది. ఈ అబద్ధం ఇన్నేళ్ళు బతికింది ఆ నాలుగు రోజుల మీదే. తర్వాత మొదలవుతుంది అసలు కథ. సైలెన్సర్ వైపు వేడి పెరిగి పిస్టన్ తలలు, వాల్వులు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బ తింటాయి. కాలని డీజిల్ లైనర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలుచబడుతుంది, కానీ డిప్‌స్టిక్ మీద లెవల్ తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. "మా బండి ఆయిలే తాగది" అని సంబరపడేవాళ్ళు ఒకసారి డిప్‌స్టిక్‌ను ముక్కు దగ్గర పెట్టుకొని చూడండి. డీజిల్ వాసన కొడితే సంబరం ఆపి షెడ్డుకు నడవండి.

బలం తగ్గిన బండిలో ముందు చూడాల్సింది పంపును కాదు, పొగను. నల్ల పొగతో బలం తగ్గిందంటే చాలాసార్లు గాలి అందడం లేదని. పొగ లేకుండా తగ్గిందంటే డీజిల్ అందడం లేదని. ఈ తేడా తెలియకుండా స్పానర్ పట్టుకోవడం నాడి చూడకుండా సూది వేయడమే.

గాలి సంగతి చూద్దాం. మన దగ్గర ట్రాక్టర్ దుక్కితో ఆగదు. మక్కల మిషన్ తిప్పుతుంది, పసుపు పాలిష్ డ్రమ్ తిప్పుతుంది. రెండింటి పక్కనా గంటల తరబడి నిలబడి ఆ దుమ్మూ పొట్టూ అంతా పీలుస్తుంది. ఆయిల్‌బాత్ ఎయిర్ క్లీనర్ ఉన్న బండికి అడుగు గిన్నె ఒకసారి విప్పి చూడండి. నూనె ఉండాల్సిన చోట బురద అంబలి ఉంటుంది, వేలు పెడితే అడుగున గట్టిగా పేరుకున్న మట్టి తగులుతుంది. దాని పైన జాలీలో పొట్టు ఇరికి ఉంటుంది. ఆ బురదలోంచి ఇంజన్ ఎట్లా ఊపిరి తీయాలి? గిన్నె కడిగి, జాలీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గీత వరకే కొత్త ఆయిల్ పోయండి. గీత దాటితే ఆ నూనెనూ ఇంజన్ పీల్చుకుంటుంది. మక్కల సీజన్‌లో ఈ పని రోజూ చేయాలి. "గింత చిన్నదానికా?" అనేవాళ్ళే పెద్ద పనికి వేలకు వేలు పోస్తారు.

పొగ లేని నీరసానికి వస్తే, డీజిల్ ఫిల్టర్లు, నీళ్ళు దిగే గిన్నె, ఫీడ్ పంపు జాలీ, పైపుల్లో గాలి, ఈ వరుసలో చూడాలి. క్యాన్లలో తెచ్చి, మూత లేకుండా చేను గట్టున పెట్టి, మురికి గరాటుతో పోసే డీజిల్‌లో నీళ్ళూ చెత్తా ఉండక ఏముంటాయి? ఇంకొక చిత్రమైన జబ్బు ఉంది. బండి అరగంట బాగా నడిచి, లోడ్ మీద మెల్లగా నీరసించి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ లేస్తుంది. పంపు పోయిందంటారు, నాజిల్స్ మార్చాలంటారు. ముందు ట్యాంకు మూత తిప్పి చూడండి. లోపలికి సుయ్యిమని గాలి పోయిందంటే మూత మీది సన్నని రంధ్రం మూసుకుపోయినట్టు. డీజిల్ తగ్గినకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి, రాకపోతే డీజిల్ దిగదు. ఒక సన్నటి తీగతో పోయే పని.

ఇంజన్ రేజ్ అవుతూ బండి ముందుకు పోకపోతే అది క్లచ్ జారడం. ఆ క్లచ్‌కు పంపు ఏం చేస్తుంది పాపం?

చిన్న అపోహలకు ఒక్కో మాట చాలు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయకండి, ముందు రేడియేటర్ రెక్కల్లో ఇరికిన గడ్డి తీసి ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి. కిరోసిన్ కలిపితే నాజిల్స్ శుభ్రం కావు, డీజిల్ జిడ్డు మీద బతికే పంపు అరుగుతుంది. చలికాలం పొద్దున రెండు నిమిషాలు తెల్ల పొగ వస్తే ఇంజన్ పోయినట్టు కాదు, వేడెక్కాక కూడా ఆగకపోతే ఆలోచించండి. నీలి పొగకు చిక్కటి ఆయిల్ మందు కాదు, ముసుగు. మీటరులో గంటలు తక్కువున్నాయని మురిసిపోవద్దు, మీటర్ మార్చొచ్చు గానీ అరిగిన పెడల్ రబ్బర్లు, సాగిన డ్రాబార్ రంధ్రాలు, పీటీవో పళ్ళు అబద్ధం చెప్పవు.

ఒక్కదానికి మాత్రం ఒప్పుకోక తప్పదు. "వెనక టైర్లల్ల నీళ్ళు పోస్తే బండికి బలమొస్తది" అని పెద్దలు అంటే నవ్వేవాళ్ళున్నారు. నవ్వొద్దు. ఇంజన్ బలం ఇసుమంతైనా పెరగదు, నిజమే. కానీ చెలకలో పెద్ద నాగలి వేసినప్పుడు టైరు జారడం తగ్గి, ఉన్న బలం నేలకు పడుతుంది, డీజిలూ మిగులుతుంది. వాల్వు పైకి ఉండేలా టైరు తిప్పి, వాల్వు అందే వరకు అంటే 75 శాతం దాకా పోసి, మిగతాది గాలి పట్టాలి. సైజును బట్టి ఒక్కో టైరుకు 150 నుంచి 300 లీటర్లు పడతాయి. అట్లని ఆ నీళ్ళతోనే కరిగెటలోకి దించితే బండి దిగబడుతుంది. అప్పుడు పెద్దలను తిట్టుకోవద్దు.

ఇక కొనేటప్పుడు. 63వ నంబరు జాతీయ రహదారి వెంట వరుసగా నిలబెట్టిన పాత బండ్లలో కొన్నింటికి అమ్మకానికి ముందే పంపు తిప్పి ఉంచుతారు, తోలి చూసేటప్పుడు ఉషారుగా ఉండడానికి. పంపు మీద సీలు తీగ తెగిందా, స్క్రూ మీది పాత పెయింట్ పగిలి ఇనుము మెరుస్తోందా చూడండి. నంబరు ప్లేటు మీద ఏపీ 15 ఉంటే ఆ బండి 2014 జూన్‌కు ముందు రిజిస్టరైంది, "కొత్తదే అన్నా" అంటే నమ్మాల్సిన పని లేదు. మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారాక వస్తామని చెప్పి తిరిగి వచ్చేయండి. పొద్దున మొదటి సెల్ఫ్‌కు ఎట్లా లేస్తుందో అదే దాని అసలు ఆరోగ్యం. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుస్సుబుస్సున తంతుంటే బోరు పని దగ్గర్లోనే ఉంది, ఆ లెక్కన ధర తగ్గించండి. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ఫారం 35, ఎన్‌వోసీ చేతికి రాకుండా మిగతా పైసలు ఇవ్వకండి.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధన వచ్చింది. వాటిలో డీజిల్ కొలత కంప్యూటర్ చేతిలో ఉంటుంది, తిప్పడానికి స్క్రూ దొరకదు. రేపు అవీ సెకండ్ హ్యాండ్‌కు వస్తాయి, లాప్‌టాప్ పట్టుకొని బలం పెంచేవాళ్ళూ వస్తారు.

అన్నీ చూశాక కూడా పంపు మీదే అనుమానముంటే దాన్ని విప్పి టెస్టింగ్ షాపుకు పంపండి. అక్కడ మిషన్ మీద పెట్టి, ఒక్కో పైపు నుంచి ఎంత డీజిల్ పడుతుందో గాజు గొట్టాల్లో కొలిచి, కంపెనీ లెక్కకు సరిచేస్తారు. నాజిల్స్ ప్రెజర్ కూడా అప్పుడే చూపించుకోండి. పంపు తిరిగి తెచ్చుకునేటప్పుడు స్క్రూకు సీలు వేయించండి, ఆ సీలు మీ కళ్ళ ముందే వేయమనండి.