మీకు తెలుసా? పల్నాటి పుల్లరి పోరు, ఐర్లాండ్ స్వపరిపాలన పోరు ఒకే కాలానివి

పల్నాటిలోని దుర్గి మండలం మించాలపాడులో పుల్లరి (అడవిలో పశువుల మేతపై పన్ను) కట్టనని ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. తాతల నాటి నుంచి పశువులు మేపుకున్న అడవికే పన్ను కట్టమంటే పల్నాటి రైతు ఎలా సహిస్తాడు? ఇక్కడి కష్టాలు విచారించడానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణను 1921లో అరెస్టు చేశారు.

ఆ రోజుల్లోనే, 1921 డిసెంబర్ 6న, ఐర్లాండ్ బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. అంతకుముందు నడిచింది సుదీర్ఘమైన ఘర్షణ. ఐర్లాండ్‌కు స్వపరిపాలన ఇచ్చే బిల్లు బ్రిటిష్ పార్లమెంటులో 1886లో కామన్స్ సభలో, 1893లో ప్రభువుల సభలో వీగిపోయింది. 1911లో ప్రభువుల సభ వీటో అధికారాన్ని కోల్పోయింది. ఇక 1912 బిల్లును శాశ్వతంగా ఆపే దారి లేదు. కేథలిక్కులు ఎక్కువగా ఉండే డబ్లిన్ పార్లమెంటుకు లోబడేది లేదంటూ ఉత్తరాన అల్‌స్టర్ ప్రొటెస్టెంట్లు 1913లో సొంత దళం కట్టారు. అదే ఏడు జాతీయవాదులూ పోటీ దళం కట్టారు. అసలు ప్రమాదం ఇక్కడే ముదిరిందని చెప్పాలి: వాదన చట్టసభ దాటి తుపాకుల దాకా వెళ్లింది.

సరిగ్గా ఆ 1913లోనే మన వి.వి.గిరి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరారు. ఐరిష్ పోరాటం వైపు ఆకర్షితులయ్యారు. 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తర్వాత ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు.