అమ్మ పెట్టెలో యుద్ధకాలపు లేఖలు

తల్లి గతించిన పిమ్మట ఆమె పెట్టెలో, మన మెరుగని ఒక పురుషుడు ఆమెకు వ్రాసిన ప్రేమలేఖల కట్ట కనబడవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమును (1939-45) చూచిన బ్రిటనులో ఇట్టి కట్టలు పెక్కు కుటుంబములకు దొరకినవి. ఆమె నిట్లు దాచెనేమని కలత చెందుటకు ముందు, అవి ఎట్లు వ్రాయబడినవో తెలిసికొనవలెనని మేము చెప్పదలచినాము.

సైనికుడు తానున్న చోటును పేర్కొనరాదు. అతని లేఖను దళములోని అధికారియే చదివి, కూడని మాటలను కొట్టివేసెడివాడు. పరుల కంటబడు లేఖలో మనసు విప్పుట ఎట్లు? ఇందులకే ఆకుపచ్చ కవర్లుండెను. లోన సొంత విషయములే కలవని సంతకము చేసినచో దళములో విప్పరు. వెనుకటి కేంద్రములో మాత్రము విప్పవచ్చును. 1941లో ఎయిర్‌గ్రాఫు వచ్చెను. ఒక్క పుట లేఖను ఫిల్ముపై ఫొటో తీసి, విమానమున పంపి, చేరినచోట కాగితముపై అచ్చొత్తి అందించెడివారు. కావున లేఖ పొట్టిదైనంత మాత్రమున అనురాగము కొరవడెనని తలపరాదు.

మరియొక సంగతి. మనకు దొరకినవి అతని లేఖలే. ఆమె వ్రాసినవి అతని సామానుతో ఎక్కడనో పోయియుండవచ్చును. అతని జవాబులనుబట్టియే ఆమెను మనము ఊహించుచున్నాము. లేఖలు ఆగిపోయిన, అతడు మరణించెననియో, మోసగించెననియో వెంటనే నిర్ణయింపరాదు. చెరలో చిక్కియుండవచ్చును, క్షేమముగ ఇల్లు చేరియు ఉండవచ్చును. ఆమె మనకు చెప్పలేదు. కాని చింపివేయనూ లేదు.

కవర్లను పారవేయక, ముద్రలలోని తేదీల వరుసను పేర్చి, నెమ్మదిగా చదువుడు.