పప్పీ లినక్స్

పప్పీ లినక్స్ అనేది పెన్ డ్రైవు నుండి నేరుగా నడపదగిన ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. దీనిని హార్డు డిస్కులో స్థాపించనవసరం లేదు. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ దీనిని రూపొందించి, 2003లో తొలిసారి విడుదల చేశాడు. 2013లో ఆయన ఆ బాధ్యతల నుండి తప్పుకొనగా, అభివృద్ధిని స్వచ్ఛంద కార్యకర్తలు కొనసాగించారు.

పనిచేసే విధానం

కంప్యూటరు బయాస్ అమరికలలో యుఎస్‌బికి మొదటి స్థానం ఇచ్చినపుడు పప్పీ పెన్ డ్రైవు నుండి మొదలవుతుంది. తగినంత ర్యామ్ ఉంటే, కుదించి ఉంచిన వ్యవస్థ మొత్తం అందులోకి చేరుతుంది. ర్యామ్ పెన్ డ్రైవు కంటే ఎన్నో రెట్లు వేగవంతమైనది కనుక పాత కంప్యూటర్లలో సైతం ఇది చురుకుగా పనిచేస్తుంది.

మార్పులను భద్రపరచడం

విద్యుత్తు ఆగితే ర్యామ్‌లోని సమాచారం నశిస్తుంది. అందువలన మొదటిసారి కంప్యూటరును ఆపేటపుడు, మార్పులను దాచడానికి సేవ్ ఫైలును సృష్టించాలా అని పప్పీ అడుగుతుంది. వద్దంటే అమరికలన్నీ పోతాయి. ఫ్లాష్ మెమరీపై వ్రాయగలిగే పర్యాయాలు పరిమితం కనుక, పప్పీ ప్రతి మార్పును వెంటనే పెన్ డ్రైవుకు పంపదు. కొంత వ్యవధికి ఒకసారి, ఆపేటపుడు మరొకసారి పంపుతుంది. ఈ మధ్యలో కరెంటు పోయినా, పెన్ డ్రైవును లాగివేసినా చివరిసారి భద్రపరచిన తరువాత చేసిన పని దక్కదు.

ఉపయోగాలు, పరిమితులు

విండోస్ మొదలుకాని కంప్యూటరులో హార్డు డిస్కు బాగుంటే, పప్పీ ద్వారా అందులోని ఫైళ్ళను వేరొకచోటికి నకలు చేసుకోవచ్చు. అయితే పప్పీ సాధారణంగా రూట్ అధికారాలతో నడుస్తుంది. కాబట్టి పొరపాటున ఇచ్చిన ఒక్క ఆదేశంతో ఆ ఫైళ్ళే చెరిగిపోయే ప్రమాదం కూడా ఉంది.