రెండు గజాల ఆలస్యం, అయిదేళ్ళ పూచీ

2025 ఆగస్టు 9న డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో 13వ వెర్షన్ విడుదలైంది. మొత్తం ప్యాకేజీలు 69,830. కొత్తగా చేరినవి 14,100 పైచిలుకు. నన్ను ఆపింది మాత్రం మూడో అంకె: కాలం చెల్లిందని తీసేసినవి 8,840కి పైనే. అంటే పద్నాలుగు లోపలికి వస్తుంటే తొమ్మిదికి దగ్గరగా బయటికి పోతున్నాయి. ఒక లైబ్రరీని లినక్స్ డిస్ట్రోలో పెట్టాలా వద్దా అని చూసేవాళ్ళ బుర్రలో తిరిగేది ఈ మూడో అంకే. తెచ్చి పెట్టడం పెద్ద పని కాదు. ఏళ్ళ తరబడి దాన్ని మోసేదెవరన్నదే చిక్కు.

ఆడియో హార్డ్‌వేర్ లైబ్రరీ అయితే చిక్కు రెండింతలు. కోడ్ బతికున్నా అది పలికించాల్సిన పెట్టె చచ్చిపోతుంది. కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో మానేసి ఉంటుంది, తీగ దొరకదు, కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ సాకెట్టే ఉండదు. అయినా ఎక్కడో ఒకరు ఆ పెట్టెతోనే పాడుతుంటారు.

ఆ ఒకరు మన దగ్గరా ఉంటారు. హైదరాబాద్‌లో తార్నాక చౌరస్తాకు ఒక పక్క ఓయూ, ఇఫ్లూ క్యాంపస్‌లు. ఇంకో పక్క లాలాపేట్. ఈ సందుల్లో అద్దె గదులు తీసుకుని చదువుకునే పిల్లల్లో పాటలు కట్టేవాళ్ళున్నారు, షార్ట్ ఫిల్ములకు గొంతు ఇచ్చేవాళ్ళున్నారు. పాత ల్యాప్‌టాప్, అందులో ఉబుంటో డెబియనో, చేతులు మారి వచ్చిన ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు. రికార్డింగ్ మొదలుపెట్టాలంటే లాలాగూడ వైపు రైలు పోయేదాకా ఆగాలి, అది వేరే సంగతి. తెలుగు డెస్క్‌టాప్‌గా 2005లో వచ్చిన ‘స్వేచ్ఛ’ డెబియన్ మీద కట్టిందే. సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా అంతే. ఉబుంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి డెబియన్ గుమ్మం దగ్గర జరిగే పరీక్ష మన గది దాకా వస్తుంది.

పరీక్షకు ఫాడో అనే లైబ్రరీని తీసుకుందాం. ఫైర్‌వైర్ తీగతో కలిపే ఆడియో పెట్టెల్ని లినక్స్‌లో పలికించడానికి పుట్టింది. మొదట్లో దాని పేరు ఫ్రీబాబ్. డెబియన్‌కు ఇది పాత కాపే. అయినా ఇవాళే కొత్తగా వచ్చి తలుపు తట్టిందనుకుని లెక్క వేద్దాం. అడగాల్సిన ప్రశ్నలన్నీ దీని దగ్గరే దొరుకుతాయి.

మొదటిది, అసలు లైబ్రరీ అవసరమా? లినక్స్‌లో సౌండ్ కార్డును నడిపేది కెర్నెల్‌లోని ఆల్సా డ్రైవరు. 1998లో మొదలై, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అందరికీ చేరింది. యూఎస్‌బీ ఆడియోకు 1998లో ఒక ప్రమాణం, 2006లో రెండోది వచ్చాయి. వాటిని పాటించే పెట్టె ఏ కంపెనీదైనా ఒకే కెర్నెల్ మాడ్యూలుతో పలుకుతుంది. దానికి కొత్త లైబ్రరీ ఎవరైనా పట్టుకొస్తే, ఎందుకయ్యా అని అడగాల్సిందే.

ఫైర్‌వైర్ కథ వేరు. మొదట్లో కెర్నెల్ పొట్లాలు మాత్రమే మోసేది. వాటిలో ఏ ఛానెల్ ఎక్కడుంది, గడియారం ఎవరిది అన్న లెక్కంతా ఫాడో చూసుకునేది. తర్వాత ఆ పని ఒక్కొక్కటిగా కెర్నెల్‌లోకి వెళ్ళిపోయింది. 2014 జనవరిలో 3.13తో డైస్ చిప్పులు, ఆగస్టులో 3.16తో బీబాబ్, ఫైర్‌వర్క్స్ చిప్పులు, 2016లో 4.4తో టాస్కామ్ పెట్టెలు, 2017లో 4.12తో మోటు, ఫైర్‌ఫేస్. ఇప్పుడు చాలా పెట్టెలకు ఫాడోతో మిగిలిన పని మిక్సర్ ఒక్కటే: గెయిన్ ఎంత, ఏ ఇన్‌పుట్ ఎటు పోవాలి, క్లాక్ ఎక్కడినుంచి తీసుకోవాలి. సగం తీర్పు ఇక్కడే అయిపోయింది.

రెండోది ఆలస్యం. పాడేవాడికి తన గొంతు హెడ్‌ఫోన్‌లో ఎంతసేపటికి వినబడుతుంది? సెకనుకు 48,000 శాంపిళ్ళు, ఒక బఫర్‌లో 256 శాంపిళ్ళు అనుకుంటే 256ను 48,000తో భాగించండి: 5.33 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఆలోపు 1.83 మీటర్లు వెళ్తుంది. సరిగ్గా రెండు గజాలు. పక్కన కూర్చున్న తబలా విన్నట్టే ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఫైర్‌వైర్‌కు జాక్ అనే సౌండ్ సర్వర్‌లో మూడు బఫర్లు పెట్టుకోవడం వాడుక. అప్పుడు 16 మిల్లీసెకన్లు, ఆరు గజాలు. ఇంకో సౌండ్ సర్వర్ పైప్‌వైర్ మామూలుగా 1,024 శాంపిళ్ళతో మొదలవుతుంది. అది ఒక్క బఫర్‌కే 21.3 మిల్లీసెకన్లు, ఎనిమిది గజాలు. సినిమా చూడ్డానికి ఇది లెక్కలోకే రాదు. పల్లవి ఎత్తుకునేవాడికి మాత్రం తాళం జారుతుంది.

బఫర్ తగ్గిస్తే చాలదా? తగ్గిస్తే ప్రాసెసర్ అన్నిసార్లు ఎక్కువ లేవాలి. 1,024 పెడితే సెకనుకు 47 సార్లు, 64 పెడితే 750 సార్లు. ఒక్కసారి ఆలస్యంగా లేచినా ‘టప్’మని శబ్దం. లైబ్రరీ మంచిదా చెడ్డదా అన్నది ఈ టప్పుల్లోనే తేలుతుంది, వెబ్‌సైటులో రాసుకున్న మాటల్లో కాదు.

లోపల జరిగేది ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఫైర్‌వైర్ తీగ మీద సెకనుకు 8,000 విడతలు, విడతకు 125 మైక్రోసెకన్లు. 48,000 రేటులో విడతకు సగటున 6 శాంపిళ్ళు, చక్కగా సరిపోతాయి. సీడీ రేటు 44,100 అయితే 5.5125. అర శాంపిల్‌ను ఎలా పంపుతాం? తార్నాక నుంచి కచ్చితంగా వేళకు బయలుదేరే బస్సులనుకోండి: నిండినా నిండకపోయినా బస్సు కదలాల్సిందే, ఒకదాంట్లో అయిదుగురు, తర్వాతిదాంట్లో ఆరుగురు, రోజంతా కలిపితే లెక్క సరిపోవాలి. ఎప్పుడు 5, ఎప్పుడు 6 అన్నది అవతలి పెట్టెలోని గడియారాన్ని బట్టి పోవాలి. ఇక్కడ చిన్న పొరపాటు జరిగితే పది నిమిషాలు బాగా నడిచి పదకొండో నిమిషంలో సౌండ్ చెడుతుంది. అందుకే అరనిమిషం పాట వినిపించి ‘పనిచేస్తోంది’ అంటే ఎవరూ నమ్మరు.

తీగ వెడల్పుతో మాత్రం పేచీ లేదు. 18 ఛానెళ్ళు, ఒక్కో శాంపిల్‌కు 32 బిట్ల గడి, సెకనుకు 48,000 సార్లు: 2 కోట్ల 76 లక్షల బిట్లు. తీగ మోయగలిగేది 40 కోట్లు.

ఇంకో వింత కొలత ఉంది. డెబియన్ 13 అధికారికంగా 7 రకాల యంత్రాల మీద నడుస్తుంది. వాటిలో ఎస్390ఎక్స్ ఒకటి, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్. మెయిన్‌ఫ్రేమ్ ముందు కూర్చుని ఎవరు పాడతారండీ? ఎవరూ పాడరు. కానీ ఆ ఏడింటిలో అంకెలోని పెద్ద బైటును ముందు రాసుకునేది అదొక్కటే. ఫైర్‌వైర్ తీగ మీద కూడా బైట్ల వరుస అదే. మన ల్యాప్‌టాప్ తిప్పి రాసుకుంటుంది. ఎక్కడ తిప్పాలో ఎక్కడ తిప్పకూడదో లైబ్రరీ రాసినవాళ్ళకు నిజంగా తెలుసో లేదో ఆ మెయిన్‌ఫ్రేమ్ మీద పరీక్షలు నడిపితే బయటపడుతుంది.

లైసెన్స్ దగ్గర ఫాడోకు ఇబ్బంది లేదు: జీపీఎల్ 2 లేదా 3. ఆల్సా లైబ్రరీది ఎల్‌జీపీఎల్ 2.1, ఇంకొంచెం వదులు. కొత్త ప్యాకేజీల వరుసను చూసే బృందం ఒక్క లైసెన్స్ ఫైలు చదివి ఊరుకోదు. లోపలున్న ఫైళ్ళు ఎవరివి, ఏ షరతుల మీద ఇచ్చారు అని చూస్తుంది. 1997 నాటి డెబియన్ మార్గదర్శకాలు 10 ఉన్నాయి, వాటిలో ఇమడకపోతే ప్రధాన విభాగంలో చోటు లేదు. ఈ పట్టుదలకు మనవాళ్ళు కట్టిన మూల్యం ఒకటుంది. కొన్నేళ్ళ కిందటి ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో సౌండ్ కోసం విడిగా చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాని ఫర్మ్‌వేర్ సోర్స్ తెరిచే ఉన్నా, ఇంటెల్ తాళంచెవితో సంతకం పెట్టిన బైనరీ ఉంటేనే అది లేస్తుంది. ఆ బైనరీ డెబియన్ ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరుండాల్సిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ చూసి, “అన్నా, సౌండ్ వస్తలేదు” అని సీనియర్ గది తలుపు కొట్టిన జూనియర్లు ఎంతమందో. 2022 అక్టోబరులో డెబియన్ సభ్యులు ఓటేసి ఈ పద్ధతి మార్చారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. నా మటుకు నాకు అది సరైన నిర్ణయమే. సిద్ధాంతం గెలిచి స్పీకర్ మూగబోతే ఆ కుర్రాడు మళ్ళీ విండోస్‌కే పోతాడు.

భద్రత దగ్గర ఫైర్‌వైర్‌కు చెడ్డపేరుంది. తీగకు అవతల ఉన్న పరికరం ప్రాసెసర్‌ను అడగకుండా కంప్యూటర్ మెమరీని నేరుగా చదివే దారి దాని రూపకల్పనలోనే ఉంది. లినక్స్ ఆ దారిని చాలావరకు మూసి ఉంచుతుంది. ఫాడో తనతో తెచ్చే నియమాల ఫైలు ఫైర్‌వైర్ పరికరాలన్నిటికీ తలుపు తీయకుండా, తయారీదారు సంఖ్యను చూసి ఆడియో పెట్టెలకే అనుమతి ఇస్తుంది. పరిశీలించేవాళ్ళు ఈ ఫైలును వరుస వరుసా చదువుతారు. జాక్ ప్యాకేజీ కూడా అంతే. ఆడియో గ్రూపుకు 95 దాకా రియల్‌టైమ్ ప్రాధాన్యం ఇవ్వనా అని అడుగుతుంది, మనం ఔననకపోతే ఇవ్వదు.

పరీక్షల సంగతి మరీ ఇబ్బంది. డెబియన్‌లో కొత్త వెర్షన్ అన్‌స్టేబుల్ నుంచి టెస్టింగ్‌కు పోవడానికి మామూలు తొందర అయితే 5 రోజులు, తొందర లేకపోతే 10. ఆటోమేటిక్ పరీక్షలు పాసైతే ఇంకా ముందే పోతుంది. కానీ సర్వర్ గదిలోని యంత్రానికి ఫైర్‌వైర్ పెట్టె ఎవరు తగిలిస్తారు? ఆల్సాకు ఉత్తుత్తి సౌండ్ కార్డు మాడ్యూలు ఉంది. నిజం పెట్టె చేసే తప్పులు అది చేయదు. ఉబుంటు దీనికి తెలివైన షరతు పెట్టింది. ప్రధాన విభాగంలోకి రావాలంటే, హార్డ్‌వేర్ లేనిదే పరీక్షించలేని ప్యాకేజీకి మనిషి చేతితో చేయాల్సిన పరీక్ష రాసిపెట్టాలి, ఆ హార్డ్‌వేర్ దగ్గరున్న బృందం బాధ్యత తీసుకోవాలి. ఆ షరతు డెబియన్‌లోనూ ఉంటే బాగుండేది.

పేర్ల గొడవ కూడా చూడండి. ఆల్సా లైబ్రరీ ఫైలు చివర ‘సో.2’ అని ఉంటుంది, 2004లో 1.0 వచ్చినప్పుడు ఉన్న ఆ 2 ఇప్పటికీ 2గానే ఉంది. ఇరవై ఏళ్ళ పాత ప్రోగ్రామ్‌కు ఇచ్చిన మాట అది. అయినా 2024లో డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పేరు వెనక ‘టీ64’ అని తోక వచ్చింది. 32 బిట్ల గడియారం 2038 జనవరి 19 ఉదయం మన టైము 8:44:07కి నిండిపోతుంది. శాంపిల్ ఎప్పుడు వచ్చిందో చెప్పే ముద్రలో ఆ గడియారమే ఉంది. మన 64 బిట్ల ల్యాప్‌టాప్‌కు దానితో పనే లేదు, కానీ పేరు అందరికీ మారింది. దాంతో ఉబుంటు 24.04లో పాత పేరు అడిగే బయటి ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ కాక మొరాయించాయి. 14 ఏళ్ళ తర్వాత రాబోయే ఉదయం కోసం 2024లోనే తలనొప్పి. సౌండ్ లైబ్రరీని ఒకసారి లోపలికి రానిచ్చాక ఇలాంటివన్నీ ఎవరో ఒకరు చేసిపెట్టాలి.

ఎవరు? అసలు లెక్క ఇది. 2023లో కెర్నెల్ ఫైర్‌వైర్ భాగం బాధ్యత తకాషి సకమోతో తీసుకున్నారు. 2029 దాకా చూసుకుంటానని, ఆలోపు వాడకందారులు వేరే దారికి మళ్ళాలని చెప్పారు. ఇంత నిజాయతీగా గడువు చెప్పే మెయింటైనర్లు అరుదు. ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. డెబియన్ విడుదలకు 3 ఏళ్ళ పూర్తి మద్దతు, మరో 2 ఏళ్ళ దీర్ఘకాల మద్దతు. డెబియన్ 13 మద్దతు 2030 దాకా. ఇవాళ కొత్తగా వచ్చే ప్యాకేజీ చేరేది 14లో; రెండేళ్ళకో విడుదల అలవాటు ప్రకారం అది 2027, మద్దతు 2032 దాకా. కింద కెర్నెల్‌కు పూచీ ఉన్నది 2029కి, పైన లైబ్రరీకి ఇస్తున్న మాట 2032కి. మధ్య మూడేళ్ళకు పూచీ ఎవరిదీ కాదు.

చిన్న లైబ్రరీని ఒక్కడి భుజం మీద వదిలేస్తే ఏమవుతుందో 2024 మార్చి 29న చూశాం. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. అలసిన మెయింటైనర్‌కు సాయంగా వచ్చినవాడే నమ్మకం సంపాదించి పెట్టిన దారి. అది డెబియన్ టెస్టింగ్ దాకా చేరింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఒక ఇంజనీరు తవ్వితే దొరికింది. ఆడియోలో అర సెకను అంటే 170 మీటర్లు. సౌండ్ మనుషులైతే ఇంకా ముందే పట్టేవాళ్ళేమో!

ఫాడో ఇవాళే వచ్చి తలుపు తడితే నా తీర్పు ఇదీ. లైసెన్స్ సరే, భద్రతా నియమాలు సరే. లోపలికి రానివ్వొచ్చు, కానీ దేనికీ డిఫాల్ట్ కాకూడదు. డెబియన్ ఇప్పటికే జాక్‌లోని ఫైర్‌వైర్ ముక్కను వేరే ప్యాకేజీగా విడదీసింది; అడిగినవాళ్ళకే వస్తుంది. డెబియన్ 14 తర్వాత మాత్రం పొడిగించకూడదు, ఆ 8,840 లాంటి జాబితాలోకి గౌరవంగా పంపాలి.

చేతిలో ఇప్పటికే ఫైర్‌వైర్ పెట్టె ఉన్నవాళ్ళు సౌండ్‌ను కెర్నెల్ డ్రైవరుకు వదిలి, ఫాడోను మిక్సర్‌కు మాత్రం వాడుకోండి. సికింద్రాబాద్ సీటీసీకో కోఠీకో సెకండ్‌హ్యాండ్ పెట్టె కొనడానికి పోతున్నవాళ్ళు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. కొట్టులోనే తగిలించి, ప్రాక్ ఫోల్డర్ లోపలి అసౌండ్‌లో కార్డ్స్ అనే ఫైలు తెరవండి. అందులో పెట్టె పేరు కనబడితే బేరం మొదలుపెట్టండి.